ఉప్పు మాట ఎవరు విన్నారు?

6 జులై 1978, గురువారం

ఈ డైరీ తెలుగులో రాయడానికి ఒకటే కారణం. అమ్మకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. పొద్దున దీన్ని బీరువాలోంచి తీసి, తలకిందులుగా పట్టుకుని, "దీంట్లో నా మీద ఏం రాసినావే?" అని అడిగింది. "నీ వంట బాగుంటుందని రాసినా" అన్నాను. నమ్మలేదు.

పూర్వం చైనాలో రాజు పక్కనే ఒక ఉద్యోగి ఉండి ఆయన అన్నదీ చేసిందీ రాసుకునేవాడట. ఒక రాజుకు తన మీద ఏం రాశాడో చూడాలనిపించి అడిగితే, "చూపించే ఆచారం లేదు ప్రభూ" అన్నాడట ఆ ఉద్యోగి. మా ఇంట్లో రాజ్యం మా అమ్మ నూర్ బీది. నేనూ చూపించను.

ఎం.ఏ. కరస్పాండెన్స్ కోర్సులో ఆఖరి వ్యాసం నెలాఖరుకు పంపాలి. విషయం: ప్రాచీన చైనా చరిత్ర రచనలో కథలు, పుకార్లు, నమ్మదగిన సాక్ష్యం. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్తే "ఆదోనిలో కూర్చుని చైనా మీద ఏం రాస్తావమ్మా?" అంది. పుకార్ల మీద రాయడానికి ఆదోని కంటే మంచి ఊరు ఏదుందని నేను అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సాయంత్రం గఫూర్ చిచ్చా వచ్చాడు. ఈయన వచ్చాడంటే ఏదో ఒక సంబంధం తెచ్చినట్టే.

"ఎమ్మిగనూరు పిల్లోడు. మగ్గాలోళ్ళకు నూలు రంగులేసిస్తాడు. సొంత రంగుల బట్టీ ఉంది. ముప్పై రెండేండ్లు. సదువుకున్న పిల్లయితే బాగుంటుందంటాండాడు. పేరు షరీఫ్."

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఏ షరీఫ్? ఉప్పు షరీఫా?"

చిచ్చా పైకప్పు చూశాడు. అబ్బా రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. అంటే ఉప్పు షరీఫే అన్నమాట.

రంజాన్ నెల రాకముందే నిశ్చితార్థం కావాలట. ఇరవై ఒకటో తేదీ శుక్రవారానికి జవాబు చెప్పకపోతే వాళ్ళు వేరే చోట చూసుకుంటారట. "పిల్ల ఇష్టం" అన్నాడు అబ్బా. "ఇరవై ఎనిమిదేండ్లొచ్చినాయి, ఇంకా ఇష్టమేంది?" అంది అమ్మ. అదే ఊపిరిలో "అయినా ఆ ఉప్పోనికి మాత్రం ఇయ్యను" అని కూడా అంది.

నాకు ఈ సంబంధం మీద ఏ ఆసక్తీ లేదు. వ్యాసం పని బోలెడుంది.

8 జులై, శనివారం

తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక చైనా చరిత్రకారుడు పెద్ద చరిత్ర రాసి, దానికి తోడు ఇంకో పుస్తకం విడిగా రాశాడట. ఒక సంఘటన గురించి ఎవరెవరు ఏమేం చెప్పారో అన్నీ పక్కపక్కన పెట్టి, తాను దేన్ని తీసుకున్నాడో, ఎందుకు తీసుకున్నాడో, మిగతావి ఎందుకు వదిలాడో అందులో చెప్పాడు. చదువుతుంటే నాకు లేచి నిలబడాలనిపించింది. మన ఊళ్ళో ఇలాంటి వాడు ఒక్కడుంటే ఎన్ని కాపురాలు నిలబడేవి!

ఈ పద్ధతిని ఏదైనా చిన్న విషయం మీద వేసి చూడాలి. చేతికందినది ఉప్పు కథ. వ్యాసానికి ఉదాహరణ అవుతుందని తీసుకున్నాను తప్ప వేరే ఉద్దేశం లేదు.

ఊళ్ళో చెప్పుకునే కథ ఇది. నాలుగేళ్ళ కిందట గోనెగండ్లలో షరీఫ్ నిశ్చితార్థం. విస్తట్లో పలావు, కూర వడ్డించారు. పెళ్ళికొడుకు కూరలో ఉప్పు తక్కువైందని ఎడమ చేత్తో పళ్ళెం నెట్టేసి లేచి నిలబడి, "ఉప్పుకు గతి లేని ఇంట్లో పుట్టిన పిల్ల నా ఇంటికి రుచి యాడనుంచి తెస్తుంది?" అన్నాడట. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడట. అంతే, సంబంధం తెగిపోయింది. ఆ రోజు నుంచి ఆయన ఉప్పు షరీఫ్. విందుల్లో ఎవరైనా ఉప్పు అడిగితే "షరీఫ్ బావా, లేసి పోవద్దు, తెస్తాండాం" అని నవ్వుతారు. ఆయనకు మళ్ళీ ఎవరూ పిల్లనివ్వలేదు.

విస్తట్లో వడ్డిస్తే పళ్ళెం ఎలా నెట్టాడో! ఇప్పుడే తట్టింది. పద్ధతి పనిచేస్తోంది.

10 జులై, సోమవారం

మొదటి సాక్షి గౌరమ్మ టీచర్. స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా తెరుస్తుంటే అడిగాను. "అయ్యో, ఆ ఉప్పోని సంగతా!" అని ఎడమ చెయ్యి నెట్టి చూపించి మరీ చెప్పింది. ఉప్పుకు గతి లేని ఇంట్లో పుట్టిన పిల్ల అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"నువ్వు చూసినావా అక్కా?"

"సూడల్నా ఏంది? ఊరంతా సెప్తాంది కదా!"

12 జులై, బుధవారం

రెండో సాక్షి పాలు పోసే అంజనమ్మ. ఈమె కథలో మాంసం ముక్కల్లో ఎముకలే ఉన్నాయి, పిల్లకు మెల్లకన్ను కూడా వచ్చి చేరింది. కానీ చివర మాట మాత్రం అదే. ఎడమ చెయ్యి కూడా అదే.

మూడో సాక్షి ఎమ్మిగనూరు నుంచి దుప్పట్లు, రుమాళ్ళు మూట కట్టుకుని వచ్చే నేతగాడు సిద్ధప్ప. షరీఫ్ రంగులేసిన నూలుతోనే ఈయన నేస్తాడు. "మంచోడేనమ్మా, రంగు ఎలిసిపోదు. కానీ నోరు సెడ్డది. ఏమన్నాడో తెలుసా ఆ పొద్దు?" అని అదే మాట చెప్పాడు.

ముగ్గురు మూడు రకాల మనుషులు. మూడు నోళ్ళలో ఒకటే మాట ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చిందంటే అది నిజమే అయి ఉండాలి. కాబట్టి మనిషి అహంకారి అని తేలింది. మంచిదే, పని త్వరగా తెమిలింది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

14 జులై, శుక్రవారం

ఈ రోజు పాఠంలో ఒక కథ వచ్చింది. చైనాలో ఒక రాజు, తనకు బుద్ధులు చెప్తున్న మంత్రిని చంపమని ఒకణ్ని పంపాడు. వాడు తెల్లవారుజామున వెళ్ళేసరికి ఆ మంత్రి కొలువుకు పోవడానికి అప్పటికే తయారై కూర్చుని కునుకు తీస్తున్నాడు. చూసి వీడి మనసు కరిగింది. "ఇంత మంచివాణ్ని చంపితే ద్రోహం, చంపకపోతే రాజాజ్ఞ తప్పినట్టు" అని తనలో తాను అనుకుని చెట్టుకు తల బాదుకుని చచ్చిపోయాడు. చాలా వందల ఏళ్ళు అందరూ ఈ కథ చదివి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఎవరో ఒక ప్రశ్న వేశారు. మంత్రి నిద్రలో ఉన్నాడు, ఈ మాటలన్నవాడు చచ్చిపోయాడు. మరి ఎవరు విన్నారు?

పుస్తకం మూశాను. నేరుగా అబ్బా దగ్గరికి వెళ్ళాను.

అబ్బా ఆ రోజు గోనెగండ్లలో ఉన్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల తరఫు పెద్దమనిషిగా పిలిస్తే వెళ్ళాడు. కానీ ఈ విషయం మీద నాలుగేళ్ళుగా పెదవి విప్పలేదు. ముప్పై ఏళ్ళు పత్తి మార్కెట్‌లో దలాలీ చేసిన మనిషి. అక్కడ ధర నోటితో చెప్పరు. రుమాలు కప్పి, కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడి చూసినా ఆ రెండు చేతులకు తప్ప ఎవరికీ తెలియదు. రుమాలు కింద మాట బయటపెట్టిన దళారీకి మర్నాటి నుంచి ఎవరూ చెయ్యి ఇవ్వరు. అబ్బా మార్కెట్ మానేసి రెండేళ్ళయినా ఆ ఎర్ర రుమాలు మాత్రం భుజం దిగలేదు.

"అబ్బా, ఆ రోజు ఏం జరిగింది?"

"తినకుండా లేసినాడు."

"ఎందుకు?"

"అది రుమాలు కింద మాట. నన్ను అడగొద్దు."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు. "నేను మాత్రం తిన్నా. కూరలో ఉప్పు సరిపోయింది. నా నాలిక సంగతి నాదే కదా, అది సెప్పొచ్చు."

15 జులై, శనివారం

తినకుండా లేచిన మనిషికి ఉప్పు సంగతి ఎలా తెలిసింది?

16 జులై, ఆదివారం

చైనాలో చరిత్రకు ఆద్యుడనదగ్గ ఒకాయన కూర్చుని రాయలేదట. ఊళ్ళు తిరిగి, సంఘటన జరిగిన చోట నిలబడి, అక్కడి ముసలివాళ్ళను అడిగి రాశాడట. కాబట్టి గోనెగండ్ల వెళ్ళక తప్పలేదు.

"యాడికే?" అంది అమ్మ.

"చైనా పని మీద గోనెగండ్ల పోతాండా."

చైనా ఎటుపక్కుందో అబ్బాను అడగడానికి అమ్మ లోపలికి పోయింది. ఆ సందులో బురఖా వేసుకుని బయటపడ్డాను.

ఎమ్మిగనూరులో బస్సు మారాలి. రెండో బస్సుకు గంట టైముంటే షరీఫ్ బట్టీ ఉన్న వీధి వైపు నడిచాను. స్థల పరిశీలన. రోడ్డు పక్కన గుంజలు పాతి వాటి మీద పోగులు చుట్ట కట్టిన నూలు చిలపలు ఆరేశారు, ఎరుపు, పసుపు, మంచి చిక్కటి నీలం. ఒకాయన చిలపలు దులిపి ఆరేస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. పక్కన పనివాడు ఏదో పాట తప్పుగా పాడుతుంటే సరిచేసి తాను ఇంకా తప్పుగా పాడాడు. ఇద్దరూ నవ్వారు. నేను గుంజ దగ్గర నిలబడి నీలం రంగును పరీక్షగా చూశాను. "ఏం కావాల్నమ్మా?" అని అడిగాడు. "బస్టాండ్ యాడ?" అన్నాను. బస్టాండ్ నుంచే వచ్చిన మనిషిని! దారి చెప్పాడు. పని వదిలి మలుపు దాకా వచ్చి మరీ చూపించాడు. బురఖా చరిత్రకారులకు ఇంత పనికొస్తుందని ఇంతకుముందు తెలియదు.

గోనెగండ్లలో హుసేనమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ రోజు పెళ్ళి తప్పిన పిల్లకు తల్లి ఈమె. పిల్ల ఇప్పుడు కృష్ణగిరిలో కాపురం చేసుకుంటోంది, ఇద్దరు బిడ్డలు. ఖాసిం సాబ్ కూతుర్నని చెప్పాను. షరీఫ్ సంబంధం వచ్చిందని చెప్పాను. చెప్పకుండా ఎలా అడిగేది? హుసేనమ్మ నా ముఖం చూసింది, తర్వాత లోపలి గోడ మీద వేలాడుతున్న అత్తగారి తస్బీ పూసల దండ చూసింది. "మా అత్త పోయిన బక్రీదుకు పోయింది. ఇంగ దాసి ఏం సేసేది" అని, పక్కింటి నుంచి ఇమాంబీని పిలుచుకొచ్చింది. అరవైకి దగ్గర మనిషి, నడుముకు చెయ్యి ఆనించుకుని నడుస్తుంది, గొంతు మాత్రం కంచు.

"షరీఫ్ నా కొడుకే లేమ్మా" అంది కూర్చుంటూనే.

ఆ మాటకు నేను అదిరిపోయాను. తర్వాత విషయం తెలిసింది.

ఇమాంబీ మొదట ఎమ్మిగనూరులో ఉండేది. షరీఫ్ తల్లి కాన్పయిన వారానికే చనిపోతే ఇమాంబీ తన బిడ్డతో పాటు వాడికీ పాలిచ్చి పెంచింది. తర్వాత గోనెగండ్లకు వచ్చింది. కొన్నేళ్ళకు పక్కింట్లో హుసేనమ్మ ఈ పిల్లను కనింది. హుసేనమ్మకు పాలు పడలేదు. అత్తకు తెలిస్తే "బిడ్డకు పాలియ్యలేని కోడలెందుకు?" అని కొడుక్కి ఇంకో నిఖా చేసేది. అందుకని గుడ్డలు ఉతికే వంకతో బిడ్డను చంకన వేసుకుని రోజూ వాగుకు పోయేది. అక్కడ, తన చిన్న బిడ్డకు ఇంకా పాలిస్తున్న ఇమాంబీ ఈ బిడ్డకూ ఇచ్చేది. అత్తకు ఆఖరి రోజు దాకా తెలియదు.

"ఒకే తల్లి పాలు తాగినోళ్ళు అన్నాచెల్లెండ్లమ్మా. మన దాంట్లో నిఖా కూడదు. పెండ్లికొడుకు ఎమ్మిగనూరు షరీఫ్ అంటే నేనేం కనుక్కుంటా, షరీఫ్‌లు ఎంతమంది లేరు? వంటకాడ ఉండి తొంగి సూస్తే, ఈడు నా బిడ్డ! కాళ్ళు సేతులు ఆడలేదు నాకు. మీ అబ్బాను పిలిసి సెప్పినా. ఇంకెవరన్నా సూసినారా, సాక్ష్యముందా అన్నాడు. వాగు సూసింది అన్నా."

"ఆయనను కూడా పిలిచినారా?"

"పిలిసినాము. హుసేనమ్మ కాళ్ళ మీద పడబోయింది. షరీఫ్ పట్టుకుని లేపినాడు. ఈ అమ్మ మాట నాకు సాలు, ఇంకో సాక్షి వద్దు అన్నాడు. మీ అబ్బా భుజం మీది రుమాలు మీద తన సెయ్యి పెట్టి, ఇది ఈడనే ఉండల్ల చిచ్చా అని మీ అబ్బాతో అన్నాడు. పోయి సెప్పులు ఏసుకున్నాడు. పోయినాడు."

"పోయేటప్పుడు ఉప్పు గురించి ఏమన్నా అన్నాడా?"

ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. "నోరే తెరవలేదు."

హుసేనమ్మ ఏడుస్తూనే నాకు బెల్లం టీ ఇచ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

17 జులై, సోమవారం

నోరే తెరవలేదు! మరి ఆ మాట ఎక్కడ పుట్టింది?

ఎవరో దుర్మార్గులు కావాలని పుట్టించారు. ఎవరో కనిపెట్టి, కడిగి, ఎమ్మిగనూరు గుంజకు ఆరేస్తాను.

18 జులై, మంగళవారం

పోయిన బుధవారం నేను చేసింది ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తెలిసింది. ముగ్గురూ ఎవరికి వారు చూసి ఉంటే మూడు రకాలుగా చెప్పేవాళ్ళు. ఒకే మాట అక్షరం తేడా లేకుండా చెప్పారంటే ముగ్గురూ ఒకరి దగ్గరే విన్నారని అర్థం. సాక్షులు ముగ్గురు కాదు, ఒక్కరే.

సిద్ధప్పను అడిగితే అంజనమ్మ పేరు చెప్పాడు. ఈయన మూట దించేది వాళ్ళ అరుగు మీదే. అంజనమ్మను అడిగితే గౌరమ్మ టీచర్ వాళ్ళింట్లో విన్నానంది. పరుగెత్తుకుంటూ స్టాఫ్ రూంకు వెళ్ళాను.

"అక్కా, ఆ ఉప్పు మాట నీకు ఎవరు చెప్పినారు?"

గౌరమ్మ చాక్‌పీస్ పొడి దులుపుకుంటూ ఆలోచించింది. "ఎవరు సెప్పింటారబ్బా… అదే, నువ్వే కదమ్మా!"

"నేనా?"

"నువ్వు కాక ఎవరు? కొత్తగా సేరినప్పుడు. మూల కుర్చీలో మూగదాని మాదిరి కూర్చుంటాంటివి. ఒకరోజు ఉన్నట్టుండి లేసి ఈ కథ సెప్పినావు. నవ్వి నవ్వి నా టిఫిన్ కింద పడె. ఆ పొద్దు నుంచే కదా నువ్వు మాలో కలిసింది!"

లేదు లేదు అన్నాను. నేను అలాంటి దాన్ని కాదు అన్నాను. ఇంటికొచ్చి అటక మీద ట్రంకు దింపి 1974 డైరీ తీశాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"19 ఆగస్టు 1974. నిన్న అబ్బా గోనెగండ్ల నుంచి వచ్చి సంబంధం కుదరలేదన్నాడు. అబ్బాయి తినకుండానే లేచాడట. ఎందుకని అమ్మ అడిగితే చెప్పలేదు. అమ్మ 'కూరలో ఉప్పు తక్కువైందేమో' అంది. ఈ రోజు స్టాఫ్ రూంలో దాన్ని కాస్త పెంచి చెప్పాను. ఎడమ చెయ్యి, పళ్ళెం నేనే పెట్టాను. పెళ్ళికొడుకుకు ఒక మాట కావాలి కదా, అది కూడా నేనే కల్పించాను: ఉప్పుకు గతి లేని ఇంట్లో పుట్టిన పిల్ల నా ఇంటికి రుచి యాడనుంచి తెస్తుంది? చాలా బాగా నవ్వారు. గౌరమ్మ టీచర్ తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ రోజు చాలా సంతోషంగా ఉంది."

ఆ మనిషి పేరైనా ఆ రోజు నాకు తెలియదు. తర్వాత ఊరి నోట వినీ వినీ, అది నా మాటేనన్న సంగతి నేనే మరిచిపోయాను.

19 జులై, బుధవారం

తలనొప్పి అని చీటీ రాసి స్కూలుకు పంపాను. తలనొప్పి లేదు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఉప్పు షరీఫ్ అని పేరు పెట్టిన పాపంలో సగం నీది, సగం నాది అన్నాను. అమ్మ "నేను 'ఏమో' అన్నానే! ఉప్పు తక్కువైందేమో అన్నా. ఆ 'ఏమో' యాడ పోయింది?" అని గట్టిగా అడిగింది.

ఆ 'ఏమో'ను మింగేసింది నేనే. నాలుగేళ్ళు ఒక మనిషి దాని వల్ల ఒంటరిగా ఉన్నాడు.

20 జులై, గురువారం

చైనాలో ఒక మంత్రి తన రాజును చంపించాడు. కొలువులో చరిత్ర రాసేవాడు "మంత్రి రాజును చంపాడు" అని రాశాడు. మంత్రి వాణ్ని చంపించాడు. తమ్ముడు వచ్చి అదే వాక్యం రాశాడు. వాణ్నీ చంపించాడు. ఇంకో తమ్ముడు వచ్చి అదే రాశాడు. అలా రాస్తూనే ఉంటే ఆఖరికి విసుగొచ్చి మంత్రే ఊరుకున్నాడు. నేను చెప్పాల్సిన వాక్యం అంతకంటే చిన్నది. నన్నెవరూ చంపరు కూడా. అయినా మూడుసార్లు లోలోపల వల్లె వేసుకున్నాను.

అబ్బాతో, ఆయనను పిలిపించమన్నాను. ఎందుకని అబ్బా అడగలేదు. నూలు కొనడానికి ఆదోని వచ్చి ఉన్నాడట, సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. అబ్బా పక్కన మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు కర్టెన్ వెనక నిలబడ్డాను. కర్టెన్ కింద నుంచి పాదాలు కనిపించాయి. పాదాల మీద కూడా నీలం చుక్కలున్నాయి.

"నేను జహీరాను. మీతో ఒక మాట చెప్పల్ల. ఉప్పుకు గతి లేని ఇంట్లో అనే మాట మీరు అనలేదు. నేను కల్పించినా. మా స్టాఫ్ రూంలో నవ్వించేదానికి. మీ పేరు తెలీదు. తెలిసినా అనేదాన్నేమో కూడా. మీకు సంబంధాలు రాకుండా పోయింది నా వల్ల. క్షమించమని అడిగేదానికి పిలిపించినా. ఇంక మీరు లేచి పోవచ్చు."

పాదాలు కదల్లేదు.

"ఆ మాట మీదేనా!" అన్నాడు. కోపం లేదు గొంతులో. "నాలుగేండ్ల నుంచి ఎతుకుతాండా టీచరమ్మా, ఎవరన్నారో అని. నేను అంత బాగా మాట్లాడలేను. ఒకసారి సంతలో ఎవడో నా ముందరే సెప్పినాడు, నేనే నవ్వినా."

"నవ్వొచ్చే సంగతి కాదు."

"కాదు, నిజమే. మొదట్లో సానా బాధ పడినా. తర్వాత ఒకటి అనిపించె. ఈ ఉప్పు లేకపోతే జనం ఊరుకుంటారా? ఎందుకు లేసిపోయినాడు అని పిల్లలో లోపం ఎతికేటోళ్ళు. ఎతికి ఎతికి వాగు దాకా పోయేటోళ్ళు. మీ మాట అందరి నోళ్ళకు పని పెట్టె. ఆ పిల్లకు ఏడాదిలో పెండ్లయిపోయె." కొంచెం ఆగాడు. "హుసేనమ్మ నిన్న వచ్చింటె. మీరు పోయినారంట కదా. మొన్న బస్టాండ్ దారి అడిగిన బురఖా ఆమె…"

నేను వంటింట్లోకి పారిపోయాను. అబ్బా నవ్వు దగ్గులోకి దిగితే అమ్మ నీళ్ళు తీసుకుని పరుగెత్తింది.

టీ తాగి వెళ్ళేటప్పుడు అబ్బాతో గట్టిగా, లోపలికి వినపడేలా అన్నాడు. "నా జవాబు మారలేదు చిచ్చా. రేపు శుక్రవారం."

21 జులై, శుక్రవారం

నమాజు నుంచి వచ్చి అబ్బా నన్ను పిలిచాడు. అమ్మ, గఫూర్ చిచ్చా చూస్తుండగా నా కుడి చేతి మీద ఎర్ర రుమాలు కప్పి, కింద తన చెయ్యి పెట్టాడు. "ఒక వేలు పట్టుకుంటే వద్దని. చెయ్యంతా పట్టుకుంటే బేరం కుదిరిందని. నిదానంగా ఆలోచించు."

నిదానంగా ఆలోచించలేదు.

"ఏం చెప్పిందండీ?" అంది అమ్మ.

"రుమాలు కింద మాట బయట చెప్పేది కాదు నూర్ బీ" అని అబ్బా లేచి, చిచ్చాను భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. ఆ తొందరలో చిచ్చా చెప్పులు తాను వేసుకున్నాడు.

నేను దేన్ని పట్టుకున్నానో ఇక్కడ కూడా రాయను. ఆచారం ఆచారమే.

25 జులై, మంగళవారం

వ్యాసం పోస్టు చేశాను. ఉప్పు ఉదాహరణ పెట్టలేదు. రచయిత్రికి ఆ విషయంలో పక్షపాతం ఉంది.

30 జులై, ఆదివారం

ఈ రోజు నిశ్చితార్థం, ఇల్లంతా జనం. మొదటి పంక్తిలో షరీఫ్‌ను నడుమ కూర్చోబెట్టారు. ఆలూరు నుంచి వచ్చిన మా బంధువులు, ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళు, సిద్ధప్ప, స్టాఫ్ రూం మొత్తం, అందరూ తమ అన్నం వదిలేసి ఆయన చెయ్యి వంక చూస్తున్నారు. గౌరమ్మ అయితే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. నేను తలుపు సందులోంచి చూశాను. హుసేనమ్మ, ఇమాంబీ నా పక్కనే ఉన్నారు.

ఆయన బిస్మిల్లా అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

అమ్మ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. "ఉప్పు… సరిపోయిందా బాబూ?"

"సరిగ్గా సరిపోయింది అమ్మీ. ఇంకొంచెం ఏయండి."

అంతే, పంక్తంతా ఒక్కసారిగా నవ్వింది. సిద్ధప్ప చప్పట్లు కొట్టాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ రెండు గరిటెలు వేసింది. ఆయన విస్తరి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. నాలుగు చెంబులు నీళ్ళు తాగాడు. ఎండ అనుకున్నాం తలుపు వెనక ఉన్న మేమంతా.

ఆడవాళ్ళ పంక్తిలో నేను కూర్చుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. పెట్టుకుని నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపాను. తర్వాత విచారణలో తేలింది ఇది: భయం కొద్దీ అమ్మ ఒకసారి ఉప్పు వేసింది. అమ్మ వేసిందో లేదో అని ఇమాంబీ ఒకసారి వేసింది. ఎవరూ వేయలేదేమోనని హుసేనమ్మ ఒకసారి వేసింది. ముగ్గురూ స్వయంగా ఒప్పుకున్నారు. గొర్రె కూడా అంత ఉప్పు నాకదు.

పద్ధతి ప్రకారం రెండు సాక్ష్యాలూ రాస్తున్నాను. షరీఫ్ సాక్ష్యం: సరిగ్గా సరిపోయింది. నా నాలుక సాక్ష్యం: మూడు రెట్లు ఎక్కువ. నా నాలుక చెప్పిందే నిజం, చరిత్రలోకి అదే పోవాలి.

కానీ నాలుగేళ్ళ కిందట కూరలో ఉప్పు సరిపోయిన రోజు, తక్కువైందన్న నిందను ఒక ఇంటి కోడలి కోసం నోరెత్తకుండా మోశాడు. ఈ రోజు ఎక్కువైన ఉప్పును సరిపోయిందని మా అమ్మ కోసం నవ్వుతూ మింగాడు. ఆ మనిషి చెప్పగా నా చెవులతో నేను విన్న మొదటి అబద్ధం ఇది. ఆయన గురించి ఇంతవరకు నాకు దొరికిన సాక్ష్యాలన్నిట్లోకీ నమ్మదగినది కూడా ఇదే.

పెళ్ళికి వంట నేను దగ్గరుండి చూసుకుంటాను. ఉప్పు డబ్బా నా దగ్గరే ఉంటుంది.